రంగు వేయని చోటు

మూడంతస్తుల మేడకి బయటి గోడ మీద తాడు పట్టుకుని వేలాడుతూ రంగు వేసినన్నాళ్లూ ఆయన పడలేదు. ఈదురుగాలికి తాడు గడియారం లోలకంలా ఊగి, కింద జనం కేకలు పెట్టిన రోజు కూడా పడలేదు. పనులన్నీ మానేసి కాలు మీద కాలేసుకుని కూర్చోవాల్సిన వయసులో, స్నానాల గదిలో సబ్బు ముక్క మీద కాలేసి పడ్డాడు.

ఈ సంగతి వీధంతా తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పాడు. మనమే ముందు నవ్వేస్తే ఎదుటివాడికి నవ్వడానికి ఏమీ మిగలదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. చెప్పినప్పుడు ఆయనతో కలిసి నవ్వారు, ఆయన వెళ్లిపోయాక విడిగా నవ్వారు.

వీధిలో ఆయన్ని నిచ్చెన మేస్త్రీ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. రంగులు వేసేవాళ్ల దగ్గర జంట నిచ్చెన ఉంటుంది, కాళ్లు విప్పి నిలబెట్టేది. గోడలో ఓ ముక్క పూర్తయ్యాక ఎవరైనా సరే కిందికి దిగి, నిచ్చెన పక్కకి జరిపి, మళ్లీ ఎక్కుతారు. మేస్త్రీ దిగేవాడు కాదు. నిచ్చెనకి అటో కాలు ఇటో కాలు వేసి, నడుము ఒక పక్కకి వాల్చి, రెండో పక్క నేల నుంచి తేలగానే దాన్ని ముందుకి తోసేవాడు. మళ్లీ ఇటు వాల్చి, అటు తోసేవాడు. నిచ్చెన టకటకమంటూ మనిషిలా నడిచేది. డబ్బాలో రంగు తొణికేది కాదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి ఆయన అలా వెళ్లిపోతుంటే ఇంటివాళ్లు చేతిలో పనులు వదిలేసి నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. మేస్త్రీ మాత్రం ఎవరూ చూడనట్టే మొహం పెట్టేవాడు. అందరూ చూస్తున్నారని ఆయనకి బాగా తెలుసు.

అలాంటి మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఎముకలన్నీ బాగున్నాయని ఎక్స్‌రే తీసి మరీ చెప్పారు. ఆయన కాళ్లే ఆ ఎక్స్‌రేని నమ్మడం లేదు. అసలు ఆయన్ని కుంగదీసింది పడటం కాదు. పడ్డాక లేవలేకపోవడం. తడి నేల మీద వెల్లకిలా పడ్డ బొద్దింకలా కాళ్లూ చేతులూ ఆడించి ఆడించి, చివరికి సిగ్గు విడిచి కేకేస్తే, కింద షాపువాడు కూతురికి కబురు పెట్టాడు. కూతురూ అల్లుడూ వచ్చి చెరో రెక్కా పట్టుకుని లేపారు. తువ్వాలు అందించమని కూతురిని అడగాల్సి వచ్చింది. ఆ ఒక్క ముక్క మాత్రం ఆయన వీధిలో ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఉండేది రంగుల షాపు మీద ఒంటి గదిలో. ఇరుకు మెట్లు. గదిలో మంచం, కుర్చీ, రేడియో, ఓ మూల మడిచి పెట్టిన పాత నిచ్చెన. భార్య పోయాక కూడా ఆ గది వదలకపోవడానికి కారణం మంచానికి ఎదురుగా ఉన్న గోడ. పని చేసిన ప్రతి ఇంటి రంగూ ముందు ఆ గోడ మీద అరచేతంత వేసి, ఎండాక ఎలా ఉంటుందో చూసుకునేవాడు. ఆ మచ్చలే గోడంతా నిండిపోయాయి. వెన్న రంగు పక్కన బూడిద రంగు, దాని పక్కన ఎవరో పెళ్లికూతురు పట్టుబట్టి వేయించుకున్న గులాబీ రంగు. చూసేవాళ్లకి గోడకి చర్మవ్యాధి వచ్చినట్టుంటుంది. ఆయనకి మాత్రం అది చూడకపోతే తెల్లారినట్టుండదు.

కూతురిది పక్క వీధే. మంచి పిల్లే, మాటే కాస్త సుత్తి దెబ్బలా పడుతుంది.

"నాన్నా, గది ఖాళీ చేసి మా ఇంటికొచ్చెయ్యి. ఇంకోసారి పడితే నేను అడగను, ఎత్తుకుపోతాను."

"ఎత్తుకుపోవడానికి నేనేమన్నా గ్యాస్ సిలిండర్నా?"

"సిలిండరే నయం. పెట్టిన చోట ఉంటుంది."

కూతురింట్లో ఇబ్బందేమీ లేదు. ఆమె అత్తగారు ఉన్నారు, అంతే. మేస్త్రీకి వియ్యపురాలు. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఉద్యోగం అయిపోయి ఎన్నో ఏళ్లయినా ఇప్పటికీ ఎవరైనా మధ్యలో మాట్లాడితే "లైన్లో ఉండండి" అంటుంది. ఆవిడ మోకాళ్లు కూడా మొరాయిస్తున్నాయి. ఓ రోజు ఆవిడే పేపర్లో పడ్డ ప్రకటన కత్తిరించుకుని మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఫిజియోథెరపీ కాలేజీలో రీసెర్చి చేస్తున్నారట. పెద్దవాళ్లు పడితే వాళ్లంతట వాళ్లే లేవడం నేర్పితే ఏమవుతుందో చూస్తారట. మనిద్దరం వెళ్దాం."

"పడకుండా ఉండటం నేర్పాలి కానీ చెల్లెమ్మా, పడ్డాక లేవడం ఏం చదువు?"

"మీకు లేవడం వచ్చా?"

మేస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

కాలేజీలో పెద్ద హాలు. నేలంతా నీలం పరుపులు, గోడ వారగా చేతుల్లేని కుర్చీలు. పరిశోధన చేస్తున్న థెరపీ అమ్మాయి బక్కగా, చురుగ్గా ఉంది. "తాతగారూ" అని పిలవబోతే "మేస్త్రీ అను" అన్నాడు. ఆ అమ్మాయి అప్పటి నుంచి మేస్త్రీగారూ అనే పిలిచింది. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేపించి చూసింది, నడిపించి చూసింది. పడిపోతానని ఏ పని చేసేటప్పుడు ఎంత భయమో అడిగింది. భయం ఏమీ లేదన్నాడు. పక్కనుంచి వియ్యపురాలు "రాసుకోమ్మా, అబద్ధం" అంది.

తర్వాత చీటీలు తీయించారు. వియ్యపురాలికి వ్యాయామం జట్టు వచ్చింది. లాటరీ తగిలినట్టు ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ సందడిలోనే అమ్మాయి మేస్త్రీతో చెప్పింది: "మీరు కంట్రోల్ గ్రూపులో పడ్డారండీ. మీరు వ్యాయామాలేవీ చేయకూడదు. కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు. ఎప్పట్లా మామూలుగా ఉండండి. మధ్యమధ్య కంటిచూపు గురించీ తిండి గురించీ చెబుతాం, వచ్చి వినండి. చివర్లో మీకూ నేర్పిస్తాం."

ఇన్ని మాటల్లో మేస్త్రీ చెవికెక్కింది ఒక్కటే. కంట్రోలు.

ఆ మాట ఆయనకి కొత్తది కాదు. పెళ్లాం జీవితాంతం నోరు కంట్రోల్లో పెట్టుకో అంది. డాక్టరు చక్కెర కంట్రోల్లో పెట్టుకోమన్నాడు. చిన్నప్పుడు రేషన్ షాపుని అందరూ కంట్రోలు షాపనే అనేవాళ్లు, ఇచ్చింది పుచ్చుకుని తిరిగి రావడమే అక్కడి పద్ధతి. ఇప్పుడు ఇన్ని చదువులు చదివిన పిల్ల తనని కంట్రోలు జట్టులో వేసిందంటే అర్థమేంటి? ఒళ్లు కంట్రోల్లో పెట్టుకోవాలి. కదలకూడదు. కాలు కదిపితే రీసెర్చి పాడవుతుంది.

ఒప్పుకున్న పని చెడగొట్టడం మేస్త్రీ ఒంట్లో లేదు. మర్నాటి నుంచి ఆయన నిష్ఠగా కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే గోడ పట్టుకునైనా మెట్లు దిగి సందు చివర టీ కొట్టుకి వెళ్లేవాడు, అది మానేశాడు. టీ పైకి తెప్పించుకున్నాడు. బట్టలు డాబా మీద ఆరేయడం మానేసి కిటికీకి వేలాడదీశాడు. షాపులోకి కొత్త రంగులు వస్తే దిగి వాసన చూసొచ్చేవాడు, ఇప్పుడు పైనుంచే "ఏ రంగు వచ్చిందిరా?" అని అరుస్తున్నాడు. పగలంతా కుర్చీ, రాత్రంతా మంచం.

వియ్యపురాలు క్లాసు నుంచి వస్తూ వస్తూ పైకెక్కి, నేర్చుకున్నవన్నీ చేసి చూపించేది. రోజురోజుకీ ఆవిడ మెట్లెక్కే చప్పుడు మారింది. మొదట్లో ఈడ్చుకుంటూ వచ్చేది, తర్వాత్తర్వాత పిల్లిలా వచ్చి గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది.

"మీకూ చూపిస్తా రండి, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదా. అయినా కాళ్లు ఊపమంటే ఎవరైనా ఊపుతారు చెల్లెమ్మా. ఊపకుండా కూర్చోవడం చూడండి ఎంత కష్టమో."

"మీ కూర్చోడం చూస్తే కుర్చీకే జాలేస్తుంది అన్నయ్యగారూ."

పరిశోధన సగానికి వచ్చాక మళ్లీ అందరినీ పిలిచి చూశారు. కూతురు ఆ రోజు సెలవు పెట్టి వెంట వెళ్లింది. అత్తగారు కుర్చీలోంచి ఠక్కున లేచింది. మేస్త్రీ వంతు వచ్చింది. చేతులు గుండెల మీద కట్టుకుని ముందుకి వంగాడు. లేవలేదు. మళ్లీ వంగాడు. తొడలు గడగడలాడాయి, ఒళ్లు కుర్చీకి అతుక్కుపోయినట్టుంది. ఆయన మొహం మీద ఇంకా ఓ గర్వం లాంటిది ఉంది. కూతురి మొహం మాత్రం పాలిపోయింది.

"ఇక చాలు నాన్నా. నెలాఖరుకి గది ఖాళీ. సామాన్లు నేనే సర్దుతాను."

ఆ మాటతో మేస్త్రీ గుండెలో రాయి పడింది. థెరపీ అమ్మాయి ఆయన ఎదురుగా పరుపు మీద కూలబడింది.

"మేస్త్రీగారూ, మీరు మొదట వచ్చినప్పుడు లేచారు. ఇప్పుడేమైంది? ఒంట్లో బాగాలేదా? రోజంతా ఏం చేస్తున్నారు?"

"ఏమీ చేయట్లేదమ్మా. నువ్వు చెప్పినట్టే. పూర్తిగా కంట్రోల్లో ఉన్నాను." పరీక్షలో ఫస్టు వచ్చినవాడిలా చెప్పాడు. "టీ కొట్టుకి కూడా వెళ్లట్లేదు, కావాలంటే అడుగు."

ఆ అమ్మాయి తల పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ మొదలుపెట్టి, దేన్నీ పూర్తి చేయలేకపోయింది.

"అయ్యో... కంట్రోలంటే అది కాదండీ! ఎప్పట్లా ఉండమన్నాను. మీకు అర్థమైందో లేదో నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే."

"మరి ఏమీ చేయనివాడు నీ రీసెర్చికెందుకు?"

అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. వ్యాయామం చేసినవాళ్లు బాగుపడ్డారనుకుందాం. అది వ్యాయామం వల్లో, ఎండాకాలం పోయి చల్లబడటం వల్లో, ఊరికే నలుగురిలో కలవడం వల్లో ఎలా తెలుస్తుంది? అందుకని అచ్చం అలాంటివాళ్లనే కొందరిని ఏమీ మార్చకుండా పక్కన ఉంచి, రెండు జట్లనీ పోల్చి చూస్తారు.

మేస్త్రీ వింటూ వింటూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పాత గోడకి రంగు వేసేటప్పుడు ఆయన ఎప్పుడూ ఓ మూల అరచేతంత జాగా వదిలేసేవాడు. ఇంటాయన సాయంత్రం వచ్చి "ఏముంది, ముందూ ఇలాగే ఉండేదిగా" అంటే, వేలు పెట్టి ఆ జాగా చూపించేవాడు. అది చూశాక ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. అంతా అయ్యాక చివర్లో దానికీ రంగు పూసేవాడు.

"అంటే నేను రంగు వేయని చోటునన్నమాట."

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "అవునండీ. సరిగ్గా అదే," అంది.

"ముందే అలా చెప్పి ఉంటే ఈ కుర్చీతో కాపురం చేసేవాడిని కాదుగా! వదిలేసిన చోటుని వదిలెయ్యాలి. నేను దాన్ని గీకి పారేశాను."

అమ్మాయి దాచిపెట్టకుండా చెప్పింది. జరిగింది తన పైవాళ్లకి చెబుతానంది. ఆయన ఇప్పుడే పరిశోధనలోంచి తప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, ఇంకో చోట వ్యాయామం రేపే మొదలుపెట్టించగలనంది. ఉంటానంటే మాత్రం అందరిలాగే చివరిదాకా ఆగాలి. కాకపోతే ఉన్నా, తప్పుకున్నా, మెట్లు దిగడం మాత్రం ఇవాళే మొదలుపెట్టాలంది.

మేస్త్రీ కూతురి వైపు తిరిగాడు. "చివరిదాకా ఆగు. నా వంతు క్లాసు కూడా అవనీ. అప్పుడు నేల మీంచి నా అంతట నేను లేవలేకపోతే, నువ్వు చెప్పక ముందే తాళం నీ చేతిలో పెడతాను."

"ఈ లోపల పడితే?"

"సిలిండర్ని ఎత్తుకుపో."

కూతురు నవ్వలేదు. ఒప్పుకుంది మాత్రం. "రోజూ టీ తాగాక నాకు ఫోను చెయ్యాలి" అని షరతు పెట్టింది.

మర్నాడు మెట్లు దిగడానికి పట్టిన సేపట్లో టీ కొట్టువాడు రెండు కెటిళ్లు ఖాళీ చేశాడు. మేస్త్రీ వణికే కాళ్లతో బెంచీ దగ్గరికి చేరి కూలబడితే, కొట్టువాడు "కంట్రోలు తప్పిందా మేస్త్రీ?" అన్నాడు. అప్పటికే వీధంతా పాకిపోయింది. ఈసారి ఆయన ముందుగా చెప్పుకోలేదు, వియ్యపురాలు లైను కలిపేసింది. ఆయన దులిపేసుకుని టీ తాగాడు. రోజూ దిగాడు. కొన్నాళ్లకి రంగుల వాసన చూడటం, డాబా మీద బట్టలు ఆరేయడం మళ్లీ మొదలయ్యాయి. పోగొట్టుకున్నది తిరిగొచ్చింది, అంతకు మించి ఏమీ రాలేదు. నేల మీదకి చూస్తే ఇప్పటికీ నోరు ఎండిపోతోంది.

ఎట్టకేలకు ఆయన వంతు వచ్చింది. హాల్లో నీలం పరుపు మీద పడుకోమన్నారు. పడుకోగానే పైన కప్పు కనిపించింది, స్నానాల గదిలో కనిపించినట్టే. చెమటలు పట్టాయి. వియ్యపురాలి క్లాసు ఎప్పుడో అయిపోయింది, అయినా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కప్పుకి సున్నం ఎవరేశారో గానీ అన్నయ్యగారూ, చారలు చారలుగా ఉంది చూడండి."

ఆయన చూశాడు. నిజంగానే దరిద్రంగా వేశారు. ఆ తిట్టుకోవడంలో భయం కాస్త వెనక్కి తగ్గింది.

పక్కకి పొర్లడం వచ్చింది. మోచేతి మీద లేవడం వచ్చింది. మోకాళ్లూ చేతుల మీదకి వచ్చాక బండి ఆగిపోయింది. ఒక పాదం ముందుకి తెచ్చి నేల మీద ఆనించాలి, ఎదురుగా ఉన్న కుర్చీ పట్టుకుని లేవాలి. ఆ పాదం రాదు. రోజుల తరబడి రాలేదు. కాలిని బలవంతంగా లాగి లాగి ఒళ్లు హూనం చేసుకున్నాడు.

"లాగకండి మేస్త్రీగారూ," అంది అమ్మాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని. "ముందు బరువంతా ఎడమ పక్కకి వెయ్యండి. కుడి పక్క తేలికవుతుంది. తేలాక ముందుకి తెండి."

మేస్త్రీ ఉన్నవాడు ఉన్నట్టే తల తిప్పి చూశాడు.

"ఇదా? ఇది నిచ్చెన నడకే కదే!"

"ఏంటండీ?"

"చూస్తూ ఉండు."

నడుము ఎడమకి వాల్చాడు. హుషారు ఎక్కువైంది. నిచ్చెన మీద వాల్చినంత వాల్చేశాడు. దబ్బున పక్కకి పడ్డాడు, పరుపు మీద బస్తాలా. అమ్మాయి చేయి ముందుకి చాచి, ఆగి, చూసింది.

మేస్త్రీ చెంప పరుపుకి ఆనించి పడుకుని ఉన్నాడు. పడ్డాడు. ఏమీ కాలేదు. ఆ సంగతి తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక పొట్ట కదిలేలా నవ్వాడు. "నిచ్చెన బరువు లేదుగా, అందుకే ఎక్కువైంది," అన్నాడు. "ఇంకోసారి."

ఆ ఇంకోసారి ఆ రోజు కుదరలేదు. ఆ వారం కూడా కుదరలేదు. ఎంత వాల్చాలో ఒంటికి తెలియడానికి చాలా ఇంకోసార్లు పట్టాయి. ఓ మధ్యాహ్నం కుడి పాదం చప్పుడు చేయకుండా వచ్చి నేల మీద కూర్చుంది, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు.

ఈలోగా పరిశోధన ఫలితాలు వచ్చాయి. అమ్మాయి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. వ్యాయామం చేసినవాళ్లలో ఎక్కువమంది నేల మీంచి లేవడం నేర్చుకున్నారు. భయం మాత్రం అందరికీ ఒకేలా తగ్గలేదు, కొందరికి అలాగే ఉంది, ఎందుకో ఇంకా తెలుసుకోవాలంది. మేస్త్రీ చేయెత్తి "నా వల్ల ఎంత పాడైంది?" అని అడిగాడు. ఆయన లెక్క తీసేయలేదని, ఏం జరిగిందో రాసి మరీ ఉంచామని చెప్పింది. ఇకపై చేరేవాళ్లకి కంట్రోల్ అనే మాట వాడబోమంది.

"మరి ఏమంటావు?"

"రంగు వేయని చోటు గురించి చెబుతాను. మీకు అభ్యంతరం లేకపోతే."

మేస్త్రీ ఎవరూ చూడనట్టు మొహం పెట్టాడు.

ఒప్పుకున్న మాట ప్రకారం ఓ ఆదివారం కూతురు గదికి వచ్చింది, వెనకే అత్తగారు. మేస్త్రీ కుర్చీని గోడకి ఆనించి, రంగుల మచ్చల ఎదురుగా నేల మీదకి దిగి వెల్లకిలా పడుకున్నాడు. గట్టి నేల, పరుపు లేదు. పొర్లాడు. మోచేయి. మోకాళ్లు. అక్కడ ఆగిపోయాడు. కూతురు ఆగలేక ఓ అడుగు ముందుకి వేసింది. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది.

"లైన్లో ఉండమ్మా."

మేస్త్రీ నడుము ఎడమకి వాల్చాడు. మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. కుడి పాదం ముందుకొచ్చింది. కుర్చీ పట్టుకున్నాడు. మూలిగాడు, ఎవరినో తిట్టాడు, లేచాడు. లేచి, గోడ పట్టుకోకుండా నిలబడ్డాడు. కూతురు మొహం అటు తిప్పుకుని కిటికీలోంచి వీధిలోకి చూసింది, అక్కడ చూడటానికి ఏమీ లేకపోయినా.

తర్వాత ఇటు తిరిగింది. "మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ వేయిస్తాను. స్నానాల గదిలో కూడా. కాదన్నావంటే ఊరుకోను."

"వేయించు. రంగు మాత్రం నేనే వేస్తా."

"నిచ్చెన ఎక్కవు కదా?"

"మెట్ల కమ్మీకి నిచ్చెనెందుకే పిచ్చిదానా, కూర్చునే వేస్తా. లేవడం వచ్చుగా."

కమ్మీ వచ్చింది. గోడ మీద ఓ మూల కొత్త మచ్చ వేసి, ఎండాక చూసుకుని, మేస్త్రీ పని మొదలుపెట్టాడు. మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, కమ్మీ పట్టుకుని లేస్తూ, ఆకుపచ్చ రంగు పూసుకుంటూ కిందిదాకా వచ్చాడు. కూతురు వచ్చి చూసి, చివర కిందుగా వేలెడు ముక్క ఇనుము ఇనుములాగే మిగిలి ఉండటం గమనించింది.

"నాన్నా, ఇక్కడ మర్చిపోయావు."

"మర్చిపోలేదు," అన్నాడు మేస్త్రీ బ్రష్షు తుడుచుకుంటూ. "అది కంట్రోలు."